సింకు పలక మీద విందు

పొయ్యి వెలిగిందంటే ఆవిడ దాని దగ్గరికి వెళ్తుంది. వెళ్లిందంటే ఇక బయటికి రాదు. అందుకని ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలగడానికి వీల్లేదని టైల్స్ మేస్త్రి ముందుగానే తీర్మానించుకున్నాడు.

ఆవిడంటే అతని భార్య. పెద్దాసుపత్రి క్యాంటీన్‌లో వంట చేస్తుంది. పెళ్లికి ముందు నుంచీ అక్కడే. డాక్టర్లు మారారు, సూపరింటెండెంట్లు మారారు, క్యాంటీన్ కాంట్రాక్టర్లయితే ఎవరు ఎప్పుడు వచ్చారో ఎప్పుడు పోయారో ఎవరికీ గుర్తులేదు. గరిటె మాత్రం ఆవిడ చేతిలోంచి కదల్లేదు. ఆసుపత్రిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ "అక్క". ఇప్పుడు రిటైరవుతోంది. ఆఖరి డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చాక దగ్గరివాళ్లు కొద్దిమందితో చిన్న పార్టీ. ఆ పార్టీలో ఆవిడ కుర్చీలో కూర్చుని, అందరితోపాటు తినాలి. మేస్త్రి కోరుకున్నది అంతే.

వినడానికి ఇదీ ఒక కోరికేనా అనిపిస్తుంది. కానీ ఆవిడ కూర్చుని తినగా చూసినవాళ్లు లేరు. ఇంటికి ఎవరొచ్చినా, ఎవరి పుట్టినరోజైనా, వంటగదిలో నిలబడి గిన్నె అడుగున మిగిలింది గరిటెతోనే నోట్లో వేసుకుని, వచ్చినవాళ్లు చేతులు కడుక్కునే వేళకి బయటికొచ్చి "సరిపోయిందా అందరికీ?" అని అడుగుతుంది. కూతురి పెళ్లికి వేరే వంటవాళ్లను పెట్టారు. "ఇవాళ నువ్వు పెళ్లికూతురి తల్లివి, బుద్ధిగా కూర్చో" అని మరీ మరీ చెప్పారు. కాసేపు కూర్చుంది. వాళ్ల పొయ్యి మంట చాలడం లేదంటూ లేచి వెళ్లి గరిటె లాక్కుంది. పెళ్లి ఆల్బం మొత్తం తిరగేస్తే ఆవిడ ఒకే ఒక్క ఫోటోలో కనిపిస్తుంది. అదీ వీపు.

"కాసేపు కూర్చుంటే నీ సొమ్మేం పోతుందే?" అని మేస్త్రి చాలాసార్లు అడిగాడు.

"కూర్చుంటే ఎవరో ఎక్కడో ఖాళీ కడుపుతో ఉన్నట్టు అనిపిస్తుందయ్యా. కాళ్లు ఊరుకోవు" అనేది ఆవిడ.

ఉపాయం చెప్పింది కూతురు. ఆ అమ్మాయి కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. షాపు వార్షికోత్సవంలో చూసిందట.

"వేడి చేయక్కర్లేనివి పెడదాం నాన్నా. కూరగాయ ముక్కలు, పళ్లు, చీజ్, బ్రెడ్, బాదంపప్పు, మధ్యలో చిక్కటి పెరుగు. పెద్ద పళ్లెంలో అందంగా పేర్చడమే. ప్లాటర్ అంటారు."

"పేర్చడమేనా?"

"పేర్చడమే."

"ఉడకబెట్టడం, వేయించడం?"

"ఏమీ ఉండదు."

"అయితే అది వంట కాదు, నా పని" అన్నాడు మేస్త్రి. "ఇందులో ఎవరూ వేలు పెట్టకండి. నేనే చేస్తా."

కూతురు నవ్వబోయింది. తండ్రి మొహం చూసి ఆగిపోయింది.

మేస్త్రి మాట్లాడే మనిషి కాదు. కుర్రతనం నుంచీ మోకాళ్ల మీద బతికినవాడు. మోకాలి చిప్పల మీద చర్మం చెప్పు అట్టలా గట్టిపడిపోయింది. ఇప్పుడు కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. అయినా పని పద్ధతి మారలేదు. గదిలోకి వెళ్లగానే సిమెంటు కలపడు. ముందు దారం కట్టి నట్టనడుమ గుర్తు పెట్టుకుంటాడు. అక్కడి నుంచి గోడల వైపు టైల్స్ ఉత్తినే పరుచుకుంటూ వెళ్తాడు. కోసిన ముక్క గుమ్మం ఎదురుగా పడకూడదు. తలుపు వెనక్కో బీరువా కిందికో పోవాలి. అంతా కుదిరిందనిపించాకే ఎత్తి, సిమెంటు వేసి, మళ్లీ పరుస్తాడు. పరిచాక గుమ్మానికి అడ్డంగా తాడు కడతాడు. మర్నాటి దాకా దాన్ని దాటి ఎవరూ కాలు పెట్టకూడదు. ఇంటి యజమానైనా సరే, "తొక్కొద్దు!" అని అరుస్తాడు. ఆ అరుపు విని పారిపోయిన పిల్లులు కూడా ఉన్నాయి.

భార్యాభర్తల పరిచయం కూడా ఆ తాడు దగ్గరే జరిగింది. క్యాంటీన్ గచ్చుకి టైల్స్ వేసిన రోజున అతను తాడు కట్టి పక్కన కూర్చుంటే, జావ గిన్నె పట్టుకుని ఒక పిల్ల తాడు కింద నుంచి వంగి వచ్చేసింది.

"తొక్కొద్దు!"

"వార్డులో వాళ్లు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. నీ బండలు ఆగుతాయి. వాళ్లు ఆగలేరు" అంటూ ఆ పిల్ల తడి గచ్చు మీద అడుగులేసుకుంటూ అవతలికి వెళ్లిపోయింది. ఒక టైల్ కుంగింది. దాన్ని బాగు చేసే మిషతో మేస్త్రి రోజూ వెళ్లేవాడు. ఒక్క బండకి ఇన్నాళ్లా అని క్యాంటీన్ అంతా ముసిముసిగా నవ్వుకునేది. చివరికి బండ బాగుపడింది, పెళ్లీ అయింది.

పళ్లెం సంగతి దగ్గరే మేస్త్రికి కూతురితో మొదటి పేచీ వచ్చింది. ఇంట్లో ఉన్న ఏ పళ్లెమూ అతనికి నచ్చలేదు. అంచు పైకి లేచి ఉంటే వరస ఎలా కుదురుతుంది? పెరట్లో గోడకి ఆనించిన నల్ల గ్రానైటు పలకని తెచ్చాడు. వంటగది గట్టు మీద సింకు బిగించడానికి రాయి మధ్యలో కోసి తీసేస్తారు కదా, ఆ ముక్క. చాలామంది మేస్త్రులు పారేస్తారు. అతను ఒకటి దాచుకున్నాడు. అంచులు అరగదీసి, సబ్బుతో రుద్ది కడిగి, ఐసు నీళ్లు పోసి చల్లబరిచి తుడిచాడు. అద్దంలా మొహం కనిపించింది.

"నాన్నా, రాయి మీదా?" అంది కూతురు ఫోన్లో.

"చల్లగా ఉంటుంది. మట్టంగా ఉంటుంది. ఇంకేం కావాలి?"

సరుకులు ముందురోజే కొని, ఆవిడ కంట పడకుండా పక్కింటి ఫ్రిజ్‌లో దాచాడు. కీరాలు కొనేటప్పుడు ఒక్కొక్కదాన్నీ కంటి ఎదుట పట్టుకుని, ఒక కన్ను మూసి, వంకర ఉందేమో చూసి పక్కన పెట్టాడు. కూరగాయలమ్మే ఆవిడకి విసుగొచ్చింది.

"ఏం మేస్త్రీ, కీరాలు కొంటున్నావా, పైపులు కొంటున్నావా?"

ఆ రోజు పొద్దున భార్య ఆఖరిసారి క్యాంటీన్‌కి బయల్దేరగానే పని మొదలుపెట్టాడు. ముందు సిలిండర్ మీది రెగ్యులేటర్ తీసి తన పనిముట్ల సంచిలో, తాపీకీ రసమట్టానికీ మధ్య దాచాడు. తర్వాత పెరుగుని పల్చటి గుడ్డలో మూటకట్టి సింకు కుళాయికి వేలాడదీశాడు. నీరు బొట్టు బొట్టుగా కారిపోతుంటే, నేల మీద తువ్వాలు పరిచి దాని మీద పలక పెట్టి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. బల్ల మీద పెట్టుకోవచ్చు కదా అంటే కుదరదు. నిలబడి పేర్చడం అతని చేతులకి రాదు.

కీరాకి రెండు పక్కలా రెండు సన్న చెక్కబద్దలు పెట్టి, వాటి ఎత్తుకి సరిగ్గా కోశాడు. ఏ ముక్క చూసినా ఒకటే మందం. క్యారెట్లని అగ్గిపుల్లల్లా చీల్చాడు. ఆపిల్ ముక్కలు నల్లబడకుండా నిమ్మరసం కలిపిన నీళ్లలో ముంచి తీశాడు, అది కూతురు చెప్పిన చిట్కా. టమాటాలు మొండికేశాయి. కోసి పెట్టిన కాసేపటికి నీరు వదిలి పక్కనున్న బ్రెడ్డుని తడిపేశాయి. తీసేసి, గింజలు తోడేసి, బ్రెడ్డుకి దూరంగా, చీజ్ గోడ అవతల పెట్టాడు. దారం కట్టి గుర్తించిన నట్టనడుమ గాజు గిన్నె ఉంచి, గట్టిపడిన పెరుగులో పుదీనా తరుగు, మిరియాల పొడి కలిపి నింపాడు. దాని చుట్టూ కీరా వలయం. దాని చుట్టూ ఎర్రగా టమాటా. తర్వాత పసుపుపచ్చ చీజ్ పలకలు, నల్ల ద్రాక్ష, నారింజ తొనలు, ఖర్జూరాలు, బాదంపప్పు. మూలలకి వచ్చేసరికి వంకర ముక్కలు మిగిలాయి. వాటిని గోడ వైపు వచ్చే అంచుకి తోసి, పైన పుదీనా ఆకులు కప్పాడు. రెండుసార్లు మొత్తం ఎత్తి మళ్లీ పేర్చాడు. చివరికి వెనక్కి వాలి చూసుకుంటే ఎక్కడా వేలు దూరే సందు లేదు. బతుకులో చాలా గచ్చులు వేశాడు కానీ, ఇంత రంగున్నది ఒక్కటీ లేదు.

పలకని బల్ల మీదికి ఎక్కించాలంటే మాత్రం ఇంకో మనిషి కావాల్సివచ్చింది. బస్సు నడిపే బావమరిది సమయానికి వచ్చాడు. చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బావా, ఇదేంటి, శిలాఫలకమా? ఏ మంత్రిగారొస్తున్నారు ఆవిష్కరణకి?"

"మీ అక్క వస్తుంది. అటు పట్టు. వంచకు. ఒరేయ్, వంచకు అంటున్నానా!"

"వంచట్లేదు బావా. నా నడుమే వంగిపోతోంది. పెళ్లాం రిటైరైతే ఎవడైనా చీర కొంటాడు. నువ్వు బండ ఎత్తిస్తున్నావు, అదీ నాతో."

పలక బల్ల ఎక్కింది. ఒక్క ద్రాక్ష కూడా దొర్లలేదు. మేస్త్రి వంగి, ఒక కన్ను మూసి, మట్టం చూసుకుని, బల్ల కాలి కింద అట్టముక్క దోపాడు.

భార్య పెద్ద నర్సుతో కలిసి వచ్చేసరికి కూతురూ అల్లుడూ, పక్కింటి పెద్దాయనా, క్యాంటీన్‌లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లూ చేరారు. ఆవిడ లోపలికి వస్తూనే వంటగది వైపు తిరిగింది. కూతురు భుజాలు పట్టుకుని ఇటు తిప్పి, కిటికీ పక్కనున్న చేతుల కుర్చీలో కూర్చోబెట్టింది. అప్పుడు చూసింది ఆవిడ పలకని.

ఒక్కొక్క వలయాన్నీ కళ్లతోనే చుట్టి వచ్చింది. తర్వాత "ఎవరు చేశారు?" అంది.

"ఇంకెవరు? ఆ రాయి చూస్తే తెలీట్లేదా?" అన్నాడు తమ్ముడు.

ఆవిడ మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి గోడ వైపు చూశాడు.

అప్పటికి ఆకలి దాచుకోలేకపోతున్న బావమరిది, "ఇక చాలు, ముహూర్తం దాటిపోతోంది" అంటూ టమాటా వరస మీదికి చెయ్యి చాపాడు.

"తొక్కొద్దు!"

గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. బావమరిది చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఏమన్నాడో మేస్త్రికే తెలీలేదు. నోరు దానంతటది అరిచేసింది. ఒక్క క్షణం తర్వాత పెద్ద నవ్వు లేచింది. "చేత్తో తొక్కుతారా బావా ఎక్కడైనా?" అని బావమరిది నవ్వుతూ చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు. మేస్త్రి కూడా నవ్వాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు.

పెద్ద నర్సు ఫోన్ తీసి ఫోటో తీసింది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్లూ తీశారు. "ఇదెలా కుదిరిందండీ ఇంత గుండ్రంగా?" అని నర్సు అడిగేసరికి, ఎప్పుడూ పెదవి విప్పని మేస్త్రికి మాటలొచ్చాయి. దారం ఎలా కట్టాడో, నడిమధ్య ఎలా గుర్తించాడో, వంకర ముక్కలు ఎటు తోశాడో వేలితో చూపిస్తూ చెప్పసాగాడు. టైల్స్ గురించి కూతురు కూడా ఏనాడూ ఇంతసేపు వినలేదు. మేస్త్రి మొహం వెలిగిపోతోంది. చెబుతూ చెబుతూ భార్య వింటోందో లేదోనని తల తిప్పాడు.

కుర్చీ ఖాళీగా ఉంది.

వంటగదిలోంచి టిక్, టిక్ అని లైటరు చప్పుడు వినిపించింది.

మేస్త్రి మాట మధ్యలో వదిలేసి లోపలికి వెళ్లాడు. ఆవిడ పొయ్యి ముందు నిలబడి ఉంది. అప్పుడే గిన్నె ఎక్కించేసింది కూడా.

"రెగ్యులేటర్ ఏదీ?"

"నాకేం తెలుసు?"

"దానంతటది ఊడి షికారుకెళ్లిందా?"

"నా సంచిలో ఉంది" అన్నాడు మేస్త్రి. "ఇవ్వను. ఇవాళ నువ్వు కూర్చోవాలి. ఇదంతా దానికేగా చేసింది."

ఆవిడ లైటరు గట్టు మీద పెట్టింది. కోపంగా లేదు. గొంతు తగ్గించింది.

"ఎలా కూర్చోమంటావయ్యా? నర్సమ్మ డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చింది, మధ్యాహ్నం కూడా తినలేదు. పక్కింటి పెద్దాయన ప్లేటు తీసుకుని, అటూ ఇటూ చూసి, మళ్లీ అక్కడే పెట్టేశాడు. మా తమ్ముడు ద్రాక్షపళ్లతో కళ్లతోనే మాట్లాడుకుంటున్నాడు. ఒక్కరి నోరూ ఆడట్లేదు. వాళ్లంతా ఖాళీ కడుపుతో నిలబడితే నేను మహారాణిలా కూర్చోవాలా?"

"అంత తిండి ఎదురుగా ఉంటే? తినొద్దని ఎవరన్నారు?"

"నువ్వే అన్నావు. తొక్కొద్దన్నావు."

"అదేదో అలవాటులో వచ్చేసింది."

"నాకు తెలుసు. వాళ్లకి తెలీదుగా. తెలిసినా ఎవరు ముట్టుకుంటారు? అంత ముచ్చటగా ఉన్నదాన్ని ముందుగా పాడు చేసినవాళ్లం మేమే అవుతామని భయం. నాకే చెయ్యి రాలేదు."

ఆ చివరి మాట మేస్త్రికి బరువుగా తగిలింది. ఏనాడూ తన పనిని ఆవిడ ఇంతలా మెచ్చుకోలేదు. ఆ మెప్పే ఆవిణ్ణి మళ్లీ పొయ్యి ముందుకి తెచ్చి నిలబెట్టింది. పొద్దుట్నుంచీ పడిన శ్రమంతా దీనికా?

"రెగ్యులేటర్ ఇవ్వు. గబగబా ఏదో ఒకటి చేసేస్తా."

"ఇస్తా. ముందొచ్చి కుర్చీలో కూర్చో. కాసేపే. అప్పటికీ ఎవరూ తినకపోతే నేనే తెచ్చి బిగిస్తా."

"నువ్వేం చేస్తావు?"

"కూర్చుని చూడు."

ఆవిడ నమ్మలేదు. అయినా వచ్చి కూర్చుంది. కుర్చీ అంచున, ఎప్పుడు లేవాల్సి వస్తుందో అన్నట్టు.

మేస్త్రి బల్ల దగ్గరికి వెళ్లాడు. అందరూ పక్కకి జరిగారు. వేసిన గచ్చుని అతను తన చేత్తో ఎత్తింది చాలా తక్కువ. అదీ టైల్ కింద డొల్ల చప్పుడు వస్తేనే. దీంట్లో ఏ తప్పూ లేదు. అంచున, పుదీనా కింద, వంకర ముక్కలున్నాయి. అక్కడి నుంచి మొదలుపెడితే పెద్దగా ఏమీ పాడవదు. చెయ్యి అటే వెళ్లబోయింది. కానీ అంచున ఒక ముక్క తీస్తే ఎవరికి ధైర్యం వస్తుంది? అతను నడిమధ్యకి చెయ్యి పోనిచ్చి, కీరా వలయం కింద నాలుగు వేళ్లూ దూర్చి పెళ్లగించాడు. ఎర్ర వరస కూలింది. చీజ్ గోడ పక్కకి ఒరిగింది. ద్రాక్షపళ్లు దొర్లుకుంటూ వెళ్లి ఖర్జూరాల్లో కలిసిపోయాయి.

"అయ్యో నాన్నా!" అంది కూతురు.

"బావా, నువ్వేనా! నీ చేత్తో నువ్వే..."

"నోరు మూసుకుని ప్లేటు పట్టరా" అన్నాడు మేస్త్రి.

బావమరిది ప్లేటు పట్టాడు. మేస్త్రి చేతికి వచ్చినన్ని ముక్కలు దాంట్లో వేసి, పైన రెండు చెంచాల పెరుగు వేసి, తీసుకెళ్లి భార్య ఒళ్లో పెట్టాడు. తిరిగొచ్చి ఇంకో ప్లేటు నింపి పెద్ద నర్సు చేతికిచ్చాడు. మూడోదానికి అవసరం లేకపోయింది. నాలుగు వైపుల నుంచీ చేతులు వచ్చిపడ్డాయి. పక్కింటి పెద్దాయన, చీజ్ తనకి పడదంటూనే రెండు పలకలు తీసుకున్నాడు. క్యారెట్లు కరకరలాడాయి. పలక మీద ఒక్కొక్క ఖాళీ ఏర్పడుతుంటే తన పళ్లే ఒక్కొక్కటీ ఊడుతున్నట్టుంది మేస్త్రికి. ఆ వైపు చూడలేక కుర్చీ వైపు చూశాడు.

ఆవిడ తింటోంది. ముందు జనాన్ని చూస్తూ, ప్రతివాళ్ల ప్లేటునీ చూస్తూ నమిలింది. తర్వాత తన ప్లేటులోకి చూసింది. వెనక్కి ఆనుకుంది.

"ఎలా ఉంది?" అన్నాడు మేస్త్రి.

ఆవిడ ఇంకో ముక్క పెరుగులో ముంచి నోట్లో పెట్టుకుని, కళ్లు చికిలించి రుచి చూసింది.

"పెరుగులో ఉప్పు వెయ్యలేదు."

అందరూ మేస్త్రిని చూశారు. అతను వేయలేదు. వేయాలని ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఒక చెయ్యి అప్పటికే కుర్చీ చేతి మీద పడింది. నడుం కొంచెం లేచింది. మేస్త్రి ఆపడానికి ఒక అడుగు ముందుకేశాడు.

ఆవిడ ఒళ్లో ఉన్న ప్లేటు చూసుకుంది. ఎక్కడ పెట్టాలా అని బల్ల వైపు చూసింది. బల్ల చుట్టూ జనం మూగి ఉన్నారు. మళ్లీ ప్లేటు వైపు చూసి, నెమ్మదిగా కుర్చీలోకి జారబడింది.

"ఏమయ్యా, వెళ్లి ఉప్పు పట్రా."

మేస్త్రి దాదాపు పరిగెత్తాడు. వంటగదిలోకి వెళ్లాక తెలిసింది, ఇన్నేళ్ల కాపురంలో ఉప్పు ఏ డబ్బాలో ఉంటుందో తనకి తెలీదని. అన్ని డబ్బాలూ ఒకేలా ఉన్నాయి.

"ఎక్కడుంది?" అని అరిచాడు.

"పొయ్యి పక్కన!" ముందు గదిలోంచి జవాబొచ్చింది.

"ఏ పక్క?"

"నువ్వు తినే చేతి పక్క!"

ఒక డబ్బా మూత తీసి వేలు ముంచి నాకాడు. చక్కెర.

"దొరికిందా?"

"ఇది చక్కెరే!"

"దాని వెనక చూడు. కళ్లు పెట్టి చూడు!" నోటినిండా ఏదో ఉన్నట్టు మాటలు ముద్దముద్దగా వచ్చాయి. ఆవిడ తింటూ మాట్లాడగా మేస్త్రి ఎప్పుడూ వినలేదు.

వెనక డబ్బా దొరికింది. నాకి చూశాడు. ఉప్పే. మూత బిగించి ఒక అడుగు వేసి ఆగాడు. అవతల నవ్వులు వినిపిస్తున్నాయి. "అక్కా, ఇంకాస్త వేయనా?" అంటున్నాడు బావమరిది. "వెయ్యి. ఖర్జూరాలు కూడా వెయ్యి. ఆ మూలన ఆకుల కింద ఏవో దాచాడు చూడు, అవి కూడా పెట్టు" అంటోంది ఆవిడ. పెద్ద నర్సు ఏదో అంది. మళ్లీ నవ్వులు. ఆవిడ లేచినట్టు కుర్చీ మాత్రం ఒక్కసారి కూడా కిర్రుమనలేదు.

"ఏమయ్యా! ఉప్పు తెస్తున్నావా, సముద్రానికి వెళ్లావా?"

"వస్తున్నా, వస్తున్నా" అని అరిచి, డబ్బా పట్టుకుని మేస్త్రి ఇంకాసేపు అక్కడే నిలబడ్డాడు.